‘రావలసినవి’ అని రాసిన పేజీ

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పరిచయాలకే చాలాసేపు పట్టింది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

‘చిన్నగా మొదలుపెట్టి వ్యాపారాన్ని పెంచడం ఎలా’ అని నాకు అంశం ఇచ్చారు. మొదలుపెట్టడం గురించి ఎక్కువ చెప్పను. ముందు పదిమందికి అమ్మి చూడండి, వాళ్లు మళ్లీ వచ్చి అడిగాకే రెండో మిషన్ కొనండి. ఫిల్ నైట్ 1964లో తన కోచ్‌తో కలిసి చెరో 500 డాలర్లు వేసుకుని బూట్ల వ్యాపారం పెట్టాడు. పరుగు పందేలు జరిగే చోటికి కారులో బూట్లు వేసుకెళ్లి అమ్మేవాడు. బతుకు గడవడానికి కొన్నేళ్లు అకౌంటెంట్‌గా కూడా పనిచేశాడు. ఆ వ్యాపారమే తర్వాత నైకీ అయింది. ఇలాంటి కథలు మీరు చాలా విని ఉంటారు.

కానీ మొదట్లోనే మునిగినవాళ్లను నేను తక్కువ చూశాను. పెరిగేటప్పుడు మునిగినవాళ్లనే ఎక్కువ చూశాను. అందులో నేనూ ఉన్నాను. ఈరోజు అదే చెబుతాను.

ఈ పుస్తకం చూడండి. వెనక ఉన్నవాళ్లకు కనిపిస్తోందా? ఇది నా మొదటి లెక్కల పుస్తకం. అట్ట ఊడిపోతే సంచి గుడ్డతో నేనే కుట్టుకున్నాను. ఒక్క మిషన్ మీద సంచులు కుట్టడం మొదలుపెట్టాను. మొదటి రెండేళ్ల పేజీల్లో ఉన్నదంతా రొక్కమే. సంచి ఇచ్చాం, డబ్బు తీసుకున్నాం. ఒక మిషన్ రెండయింది, రెండు నాలుగయ్యాయి. నాలుగోది కూడా అప్పు లేకుండానే కొన్నాను.

మూడో ఏడు ఒక పెద్ద సంస్థ నుంచి ఆర్డర్ వచ్చింది. పేరు చెప్పను. అంతకుముందు ఏడాదంతా కుట్టినన్ని సంచులు ప్రతి నెలా కావాలన్నారు. సరుకు అందిన మూడు నెలలకు పేమెంట్ అన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు, అంత సంతోషం. వాయిదాల మీద ఇంకో పన్నెండు మిషన్లు తెచ్చాను. బట్ట అప్పు మీద తెచ్చాను.

దయచేసి ఒక్క లెక్క నాతో పాటు వేయండి. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. నెలకు ఖర్చు 80, అమ్మకం 100, లాభం 20. మొదటి నెలాఖరున సరుకు ఇస్తే దాని డబ్బు నాలుగో నెలాఖరుకు వస్తుంది. ఈలోపు జీతాలకూ బట్టకూ నాలుగు ఎనభైలు, అంటే 320 పెట్టేశారు. పుస్తకంలో లాభం 80 కనిపిస్తుంది. చేతి నుంచి పోయింది మాత్రం 320. ఆర్డర్ రెట్టింపయితే 640. లాభం వస్తుంటేనే డబ్బు అయిపోవడం అంటే ఇదే. ఈ లెక్క నాకు ఆరోజు ఎవరూ చెప్పలేదు. అందుకే ఎక్కడికి పిలిచినా వెళ్లి చెబుతున్నాను.

ఆ మూడు నెలలు ఆరు నెలలయ్యాయి. ఫైలు పైకి వెళ్లిందన్నారు, సంతకం పెట్టేవారు సెలవులో ఉన్నారన్నారు. ఈ పేజీలో పైన ‘రావలసినవి’ అని రాశాను చూడండి. కింద ఆరు బిల్లులు. ఒక్కదాని పక్కన కూడా టిక్కు లేదు.

ఒక జీతాల రోజు సాయంత్రం మిషన్ల చప్పుడు ఆగింది. ఎవరూ లేవలేదు. ఒళ్లో పడ్డ దారప్పోగులు ఏరుకుంటూ అలాగే కూర్చున్నారు. ఒక్కరు కూడా నోరు తెరిచి అడగలేదు. వాళ్లు అడిగి, నన్ను నాలుగు మాటలని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మర్నాడు తొమ్మిది మిషన్లు కొన్న ధరలో సగానికి అమ్మి జీతాలిచ్చాను. ఆ సంస్థ డబ్బు చివరికి వచ్చింది. మనుషులు మాత్రం తిరిగి రాలేదు.

డబ్బున్న వాళ్లకు ఈ బాధ లేదనుకోకండి. సరుకులు ఇంటికి చేర్చే వెబ్‌వాన్ అనే అమెరికా సంస్థ 1999లో సేవ మొదలుపెట్టింది. మొదటి చోట గిట్టుబాటు అవుతుందో లేదో తేలకుండానే, అదే ఏడాది 100 కోట్ల డాలర్లతో గిడ్డంగులు కట్టించే ఒప్పందం చేసుకుంది. 2001లో దివాలా తీసింది.

ఇంకొకటి, అంశానికి కాస్త పక్కది, కానీ చెప్పకుండా ఉండలేను. అమెరికాలోనే సామ్ వాల్టన్ అనే ఆయన 1945లో న్యూపోర్ట్ అనే చిన్న ఊళ్లో అద్దెకు దుకాణం పెట్టి బాగా నడిపాడు. అద్దె పత్రంలో గడువు పొడిగించే హక్కు రాయించుకోలేదు. ఐదేళ్లు కాగానే యజమాని ఇవ్వనన్నాడు. దుకాణం వదులుకుని వేరే ఊరు వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన పెట్టిన పెద్ద దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ పుట్టింది 1962లో. మనం కూడా ఆర్డర్ చూసి మురిసిపోతాం, కింద ఉన్న షరతులు చదవం.

ఇప్పుడు నేను బట్టకు సరిపడా అడ్వాన్స్ లేకుండా కత్తెర పట్టను. సరుకు విడతలుగా ఇస్తాను, మొదటి విడత డబ్బు పడ్డాకే మూడో విడత కుట్టిస్తాను. అడ్వాన్స్ అడిగితే ఆర్డర్ పోతుందేమోనని మీకు టెన్షన్ ఉంటుంది. నాకూ ఉండేది. కొన్ని పోయాయి కూడా. పోనివ్వండి.

ఒక్కసారి చేతులెత్తండి, ఈ నెలలో ఎవరి చేతికైనా పెద్ద ఆర్డర్ వచ్చిందా? ఇద్దరు... ముగ్గురు. అమ్మా, మీరు ఇంకా సంతకం పెట్టలేదు కదా? సభ అయ్యాక ఆ కాగితం తీసుకుని ముగ్గురూ ఇటు రండి. పేమెంట్ గడువు ఎక్కడ రాశారో ముందు అది చూద్దాం.