ముందు టైరు మట్టికి, వెనక టైరు రోడ్డుకి

అందరికీ నమస్కారం.

డ్యూయల్ స్పోర్ట్ బండికి, అంటే రోడ్డు మీదా మట్టిదారిలోనూ నడిపే మోటార్‌సైకిలుకి, టైర్లు కొనబోయే ప్రతివాళ్ళూ మొదట అడిగేది "ఇది ఎంతకెంత?" అని. 50/50నా, 80/20నా, 90/10నా? మొదటి అంకె తారురోడ్డుకి, రెండోది మట్టికి. వింటే ఎవరో కొలిచి చెప్పినట్టే ఉంటుంది గానీ, వీటిని కొలిచే ప్రమాణమంటూ ఏదీ లేదు. ప్రతి కంపెనీ తన టైరుకి తనే ఇచ్చుకున్న అంకె అది. ఒకరి 50/50ని ఇంకొకరి 50/50 పక్కన పెట్టి చూడండి, బటన్ల (టైరు మీద పొడుచుకొచ్చిన రబ్బరు దిమ్మల) ఎత్తూ ఎడమూ ఒకేలా ఉంటాయన్న నమ్మకం లేదు. ఇది చాలనట్టు పేర్లలోని అంకెలొకటి. కాంటినెంటల్ వాళ్ళ టీకేసీ 70, టీకేసీ 80 ఉన్నాయి కదా, ఆ 80ని చూసి ఎక్కువ రోడ్డు టైరనుకుంటారు. అసలు సంగతి తిరగేసి ఉంది: రోడ్డువైపు మొగ్గేది 70, పెద్ద బటన్లతో మట్టివైపు మొగ్గేది 80.

కంపెనీ అంకెను పక్కన పెట్టి మీ లెక్క మీరు వేసుకుందామన్నా చిక్కే. 80 కిలోమీటర్ల తారురోడ్డు గంటలో అయిపోతుంది. ఆ తర్వాతి 20 కిలోమీటర్ల రాళ్ళదారికీ ఇంకో గంట పడుతుంది. దూరం ప్రకారం 80/20, సమయం ప్రకారం 50/50. బండి ఎక్కడ పడిపోతుందన్న లెక్క తీస్తే మూడో జవాబు వస్తుంది. కాబట్టి అడగవలసింది వేరు. మీరు తప్పించుకోలేని దారుల్లో అన్నిటికన్నా కష్టమైన ముక్క ఏది? అక్కడ ముందు చక్రం ఏం చెయ్యాలి, వెనక చక్రం ఏం చెయ్యాలి? ఈ రెండింటికీ ఒకే జవాబు రానక్కర్లేదు. ముందు టైరు ఒక నిర్ణయం, వెనక టైరు ఇంకో నిర్ణయం. జతగా అమ్ముతున్నారు కదా అని జతగా కొనాలని లేదు.

పట్టు ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. తారు మీద రబ్బరు ఎంత మేర నేలను తాకితే అంత పట్టు. మట్టిలో బటన్ అంచు ఎంత లోపలికి దిగి కరుచుకుంటే అంత పట్టు. రెండూ ఒకదానికొకటి అడ్డం. బటన్ల మధ్య ఎడం పెంచితే చక్రం తిరుగుతూనే బురదను విదిల్చుకుంటుంది, ఇసుకను వెనక్కి తోసి ముందుకు పోతుంది. అదే ఎడం తారు మీద రబ్బరును తగ్గిస్తుంది. తడిరోడ్డు మీద గట్టిగా బ్రేకు పడితే ఈ తేడా వెంటనే తెలుస్తుంది, ఏబీఎస్ ఉన్న బండైతే అది ముందుగానే అందుకుంటుంది. ఎత్తైన బటన్ ఇంకో పని కూడా చేస్తుంది: మలుపులో బండి వాలినప్పుడు తనూ పక్కకి వంగుతుంది. బండి కింద ఏదో కాస్త జరిగినట్టు అనిపించేది అదే. అలా వంగి లేస్తూ వేడెక్కుతుంది. మెత్తటి రబ్బరుతో, కాగిన తారు మీద, సామానుతో, గంటకి 110 మీద గంటలకొద్దీ పోతే బటన్లు మొదలు దగ్గర పగులుబారి ముక్కలుగా ఊడిపోతాయి. టైరు నాసిరకమని తిట్టుకుంటాం గానీ చాలాసార్లు తప్పు టైరుది కాదు, దాన్ని వాడిన చోటుది.

మట్టి అన్నా ఒకటే రకం కాదు. గట్టిగా అణిగిన నేల మీద, దాని మీద పలచగా కంకర ఉన్నచోట పొడవాటి బటన్ దిగడానికి చోటే ఉండదు. పైపైన ఊగుతుందంతే. అక్కడ చిన్న బటన్లు, దగ్గర దగ్గరగా, ఎక్కువ అంచులతో ఉన్న టైరే మేలు. జిగురు రేగడిలో ఎడం తక్కువున్న టైరు ఒక్క చుట్టులోనే నిండిపోయి నున్నటి గుండులా తయారవుతుంది. ఇసుకలో ఎడమూ కావాలి, గాలీ తగ్గాలి. రాళ్ళ మీద బటన్ ఆకారం కన్నా రబ్బరు మెత్తదనం, టైరు గోడ (పక్క భాగం) వంగే గుణం ఎక్కువ పనిచేస్తాయి. మీ దారుల్లో ఏ నేల ఎక్కువో తెలియకుండా ఏ టైరు మంచిదని అడిగితే ఎవరు చెప్పిన జవాబైనా ఊహే.

ఇక ముందు టైరు. వెనక చక్రం జారితే థ్రాటిల్ సర్దుకోవడానికి, శరీరం కదపడానికి అరక్షణమైనా దొరుకుతుంది. ముందు చక్రం జారితే చాలాసార్లు ఆ అరక్షణం కూడా ఉండదు. బండిని తిప్పేది అదే, బ్రేకు భారంలో ఎక్కువ వంతు మోసేదీ అదే. మట్టిలో అంచు పదును ఎక్కువ అవసరమైంది దానికే. మరోపక్క ఇంజన్ లాగుడంతా మోసేది వెనక టైరు. మామూలు వాడకంలో ఒక ముందు టైరు అరిగేలోపు దాదాపు రెండు వెనక టైర్లు అయిపోతాయి. అంటే ముందు టైరుని ఒక మెట్టు మట్టివైపు జరిపితే మన్నికలో పోయేది కొంచెమే, వెనక టైరుని ఒక మెట్టు రోడ్డువైపు జరిపితే కలిసొచ్చేది చాలా. ముందు టీకేసీ 80 లాంటి పెద్ద బటన్ల టైరు, వెనక దగ్గరి బటన్ల 50/50 రకం: డ్యూయల్ స్పోర్ట్ బళ్ళలో ఎక్కువమందికి కుదిరే జోడీ ఇది. వెనక టైరు మధ్యలో తెగని పట్టీ ఉన్న రకాలున్నాయి, హైడెనౌ కంపెనీ కె60 స్కౌట్ పెద్ద సైజుల్లో ఉన్నట్టు. తారు మీద అవి తీరిగ్గా అరుగుతాయి. బురదలో మాత్రం ఆ పట్టీకి అడ్డంగా అంచు లేక చక్రం ఊరికే తిరుగుతుంది.

దీనికి మినహాయింపు ఒకటుంది. వానలో, వేగంగా, దూరాలు తారు మీదే పోయేవాళ్ళు ముందు పెద్ద బటన్లు పెట్టుకోకండి. బ్రేకు దూరం పెరుగుతుంది, బరువైన బళ్ళు 120 దాటితే హ్యాండిల్ అల్లాడొచ్చు. మొదట చెప్పిన జోడీకి పూర్తిగా తిరగేసినది, అంటే వెనక పెద్ద బటన్లు, ముందు అరిగిన రోడ్డు టైరు, అన్నిటికన్నా చెడ్డది. వెనకది త్వరగా అరుగుతుంది కాబట్టి అదొక్కటే మార్చి చాలామంది ఈ స్థితికొస్తారు. వెనక చక్రం గట్టిగా నెడుతుంది, ముందు చక్రం తిరగకుండా తిన్నగా దూసుకుపోతుంది. ముందు రేడియల్, వెనక బయాస్ (టైరు లోపలి దారాల అల్లికలో రెండు రకాలివి) కలపడం కూడా వద్దు.

టైరు గోడ మీద రాసినవి చదవడం ఇప్పుడు చూద్దాం. 120/90-18 65ఆర్ అనుకోండి. వెడల్పు 120 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 18 అంగుళాలు. 65 మోసే బరువుకి గుర్తు, అంటే 290 కిలోలు. ఆర్ వేగానికి గుర్తు, అంటే గంటకి 170 కిలోమీటర్లు. 54 అని ఉంటే 212 కిలోలు, 57కి 230. వేగానికి పి అంటే 150, క్యూ 160, ఎస్ 180, టి 190. ఈ బరువు టైరు గోడ మీద రాసిన పూర్తి గాలి ఉన్నప్పటి మాట, ఇది మనవాళ్ళు మర్చిపోతారు. గాలి తగ్గితే మోసే శక్తీ తగ్గుతుంది. మట్టికోసం దించిన గాలితో, పక్కపెట్టెల నిండా సామానుతో, రోడ్డు మీద తిన్నగా ఇంటికి పోవడం టైరుని లోపలినుంచి చంపడమే.

సైజు మార్చేవాళ్ళు కాగితం మీద ఒకసారి లెక్కెయ్యండి. 130/80-17 అయితే రిమ్ము 431.8, రెండు గోడలు కలిపి 208, మొత్తం 639.8 మిల్లీమీటర్ల ఎత్తు. 120/90-17 అయితే 647.8. తేడా 8 మిల్లీమీటర్లు, అంటే నూటికి ఒకటింపావు. ఇది సరిపోతుంది. కానీ సన్నటి రిమ్ము మీదకి దానికి మించిన వెడల్పు టైరు ఎక్కిస్తే వెడల్పు రాదు. గోడలు లోపలికి నొక్కుకుని నడిమి భాగం గుండ్రంగా పైకి లేస్తుంది, తారు మీద తాకే చోటు తగ్గుతుంది, చెయినుకో స్వింగార్ముకో (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రానికి) రాసుకుంటుంది. బటన్ టైరైతే పక్క బటన్లు లెక్కలో చెప్పిన వెడల్పు దాటి బయటికొస్తాయి కూడా. చెయిను పూర్తిగా వెనక్కి లాగి, మళ్ళీ పూర్తిగా ముందుకి వదిలి, రెండుసార్లూ సందు చూసుకోండి. చిన్న ఇంజను బండికి వెడల్పు టైరు అందమే గానీ లాభం లేదు, బరువు పెరిగి లాగుడు తగ్గుతుంది.

డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. ఎన్‌హెచ్‌ఎస్ అని ఉంటే అది రోడ్డుకి కాదు, మోటోక్రాస్ (మట్టి ట్రాకు పోటీల) టైరు. మట్టిలో అద్భుతంగా ఉంటుంది, తారు మీద ఆ రబ్బరు కళ్ళముందే కరిగిపోతుంది. ఎండ్యూరో (మట్టిదారుల్లో దూరం పోయే) పోటీల టైర్లకు మోటార్‌సైకిల్ పోటీల ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఎం బటన్ ఎత్తు 13 మిల్లీమీటర్లు దాటకూడదని హద్దు పెట్టింది. ఆ రకాల్లో రోడ్డు అనుమతి ఉన్నవి దొరుకుతాయి. మట్టి ఎక్కువ, రోడ్డు తక్కువ ఉన్న తేలిక బళ్ళకి అవి చూడదగ్గవి.

టైరు సరిగ్గా ఎంచుకుని గాలి తప్పు పెట్టుకుంటే ఎంపికంతా వృథా. తేలిక బళ్ళకి కంపెనీ చెప్పే రోడ్డు గాలి ఒత్తిడి 22 పీఎస్‌ఐ దగ్గర, పెద్ద అడ్వెంచర్ బళ్ళకి ముందు 36, వెనక 42 దాకా ఉంటుంది. ఇది టైరు చల్లగా ఉన్నప్పటి అంకె. ఎండలో నిలబెట్టిన బండికి, పది కిలోమీటర్లు నడిపిన బండికి గాలి చూసి దించితే తప్పుతుంది. మట్టిదారి మొదలయ్యే చోట ఉన్న గాలిలో నాలుగో వంతు దాకా తీసెయ్యండి, పెద్ద బళ్ళలో 36ని 27కి. తేలిక బండిని 22 నుంచి 17, 18కి. అంతకన్నా కిందికి పోవాలంటే రిమ్ లాక్ (టైరుని రిమ్ముకి బిగించి పట్టే బిళ్ళ) కావాలి. అది లేకుండా 12, 13కి దించితే వెనక టైరు రిమ్ము మీద తిరుగుతుంది, ట్యూబునీ లాక్కుపోతుంది, వాల్వు మొదట్లో తెగుతుంది. ఆ తెగుడుకి అతుకు పడదు.

ఇది ముందే తెలుసుకోవచ్చు. వాల్వు మీది చిన్న నట్టుని రిమ్ముకి బిగించి ఉంచుతారు చాలామంది. అలా కాకుండా దాన్ని పైకి తిప్పి మూతకి ఆనించి వదిలెయ్యండి. టైరు జరగడం మొదలైతే వాల్వు ఒరుగుతుంది. ఆగినప్పుడల్లా ఒక చూపు చాలు, నిటారుగా ఉంటే సరే, వాలితే గాలి తీసి టైరుని వెనక్కి జరపాలి. నట్టు బిగించి ఉంటే వాల్వు ఒరగలేదు, నేరుగా తెగుతుంది.

రాయికి కొట్టుకుని పంక్చరైతే ట్యూబు తీసి చూడండి. పక్కపక్కన రెండు చీలికలుంటే ముల్లు కాదు, గాలి చాలక రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగిందని అర్థం. ఒక్క చీలికే చూసి అతుకేసి బిగించేస్తే రెండోదానికోసం చక్రం మళ్ళీ విప్పాలి. మట్టి అయిపోగానే గాలి కొట్టుకోండి. సీటు కింద చిన్న పంపు లేనివాళ్ళు గాలి దించకపోవడమే మంచిది.

ట్యూబులెస్ రిమ్ము ఉంటే పంక్చరు బయటినుంచే ప్లగ్గుతో అయిపోతుంది, కానీ బాగా తక్కువ గాలిలో రాయి తగిలితే టైరు బీడ్ (రిమ్ములో కూర్చునే గట్టి లోపలి అంచు) రిమ్మునుంచి విడిపోయి గాలంతా ఒక్కసారే పోతుంది. మామూలు స్పోకు రిమ్ముకి ట్యూబు తప్పదు. దళసరి ట్యూబు అంత తేలిగ్గా నలగదు, బదులుగా బరువు, వేడి ఎక్కువ. ఒకే ట్యూబు వెంట తీసుకెళ్ళగలిగితే 21 అంగుళాల ముందు ట్యూబు పెట్టుకోండి. ఇంటికి చేరేదాకా 18 అంగుళాల వెనక చక్రంలోనూ పనిచేస్తుంది. వెనక ట్యూబు ముందు చక్రానికి పట్టదు.

బిగించేటప్పుడు చేతులు నొప్పెట్టేది, ట్యూబు చిరిగేది ఒకే కారణంతో. లివరు (టైరు ఎక్కించే ఇనుప పట్టీ) పెట్టిన చోటికి సరిగ్గా ఎదురువైపు బీడ్ రిమ్ము మధ్య లోతుగాడిలో దిగి ఉండాలి. అక్కడ మోకాలితో నొక్కి ఉంచితే చివరి జానెడు పొట్టి లివరుతో ఎక్కుతుంది. బలం పెట్టాల్సి వస్తోందంటే అటువైపు బీడ్ గాడిలోంచి పైకి లేచిందన్నమాటే. సబ్బునీళ్ళు బీడ్‌కి, టాల్కం పౌడరు ట్యూబుకి. గాలి కొట్టాక గోడ మీద రిమ్ము పక్కనే ఉండే సన్నగీత చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో చూడండి. ఒకచోట లోపలికి మునిగితే గాలి తీసి మళ్ళీ సబ్బు రాసి కొట్టాలి, బీడ్ కూర్చోడానికి కొట్టే గాలి 40 పీఎస్‌ఐ దాటించకూడదు. బాణం గుర్తు ఎటుందో బిగించేముందే చూసుకోండి. కొత్త టైరు మీద మొదటి 150 కిలోమీటర్లు వంపుల్లో, బ్రేకుల్లో మెల్లగా పోవాలి.

ఎప్పుడు మార్చాలి? గాడిలో ఉండే అరుగుదల గుర్తు తారు కోసం పెట్టింది. మట్టి పట్టు దానికన్నా చాలా ముందే పోతుంది. వెనక టైరు నడిమి బటన్ల ముందంచు గుండ్రంగా అయి, ఎత్తు సగానికి వచ్చిందంటే మట్టికి అది అయిపోయినట్టే, తారుకి ఇంకా కొన్నాళ్ళు నడుస్తుంది. బాణం లేని వెనక టైరైతే తిప్పి వేస్తే అరగని అంచు లాగుడుకి వస్తుంది. ముందు టైరుకి అరచేయి వాడండి. బటన్ల మీద ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే రంపంలా తగిలితే ఎగుడుదిగుడుగా అరుగుతోంది. రోడ్డు మీద గాలి తక్కువ పెట్టి నడపడం, ముందు బ్రేకు గట్టిగా వాడడం దీనికి కారణాలు. హ్యాండిల్లో వణుకు, కింద గుయ్యిమనే చప్పుడు దాని నుంచే. ఈ దశలో రెండో వెనక టైరు కొంటున్నారా, ముందుది కూడా అప్పుడే మార్చెయ్యండి.

ఇక మీ ప్రశ్నలు. బండి పేరు, రిమ్ము మీద రాసిన వెడల్పు, మీరు పోయే నేల ఏమిటో చెప్పి అడగండి.