వెళ్లమన్న డాక్టరుకు నమస్కారం

(జాతీయ మూర్ఛ దినం, నవంబరు 17న ఒంగోలులో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక తల్లి ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న డాక్టర్లకు, నాలాగే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం.

మా అమ్మాయికి మూర్ఛ తగ్గడానికి మెదడుకు చేసిన ఆపరేషన్ గురించి చెప్పమన్నారు. చెబుతాను. కానీ నా మొదటి దండం ఆపరేషన్ చేసినవాళ్లకు కాదు, ఈ ఊళ్లోనే మా పాపకు మందులు రాసిన న్యూరాలజిస్టుగారికి. ఒకరోజు ఆయన మందుచీటీ పక్కన పెట్టి, "అమ్మా, రెండు మందులు సరైన మోతాదులో, సరిపడా కాలం వాడి చూశాం. ఫిట్స్ ఆగలేదు. మూడోది రాయగలను, కానీ దాంతో పూర్తిగా ఆగే అవకాశం చాలా తక్కువ. ఆపరేషన్‌కు వీలవుతుందేమో చూపించండి" అన్నారు. ఉత్తరం రాసి మమ్మల్ని తిరువనంతపురంలోని శ్రీచిత్ర ఆసుపత్రికి పంపారు. తన దగ్గరకు నమ్మకంగా వచ్చే పేషెంటును తానే ఇంకొకరి దగ్గరకు పంపడానికి ఎంత మనసుండాలి! ఆయన పంపకపోతే మేం ఇప్పటికీ మందులు మార్చుకుంటూనే ఉండేవాళ్లం.

పాపకు ఏడాది వయసులో జ్వరంతో చాలాసేపు ఫిట్స్ వచ్చాయి. తగ్గిపోయాయనుకున్నాం. బడికెళ్లే వయసులో మళ్లీ మొదలయ్యాయి, ఈసారి వేరేలా. "అమ్మా, కడుపులోంచి ఏదో పైకొస్తోంది" అనేది. ఆ వెంటనే చూపు నిలిచిపోయేది. పెదాలు చప్పరించేది, కుడిచేత్తో గౌను నలిపేది, ఎడమచేయి బిగుసుకుపోయేది. కాసేపటికి తేరుకుని ఏమీ జరగనట్టు చూసేది. కింద పడలేదు, నురగ రాలేదు కాబట్టి ఇవి ఫిట్స్ కావన్నారు చాలామంది. గాలి సోకిందన్నారు. చేతిలో తాళాలు పెట్టారు. ఆ డాక్టరుగారు మాత్రం ఫోన్‌లో వీడియో తీసుకురమ్మన్నారు. చూసి, ఎడమచేయి బిగుసుకుంటోంది కనుక మెదడులో కుడివైపు మొదలవుతూ ఉండొచ్చన్నారు. తర్వాత పరీక్షలన్నీ ఆ మాటనే నిలబెట్టాయి.

ఒంగోలులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అది కాట్పాడి మీదుగా పోతుంది. ఆ పక్కనే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో 1949లో డాక్టర్ జేకబ్ చాండీ మన దేశంలో తొలి న్యూరోసర్జరీ (మెదడు, నరాల ఆపరేషన్ల) విభాగం పెట్టారని, 1950లలోనే అక్కడ మూర్ఛకు ఆపరేషన్ చేశారని నాకు తర్వాత తెలిసింది. మేం వెళ్లిన శ్రీచిత్రలోనూ డాక్టర్ కె. రాధాకృష్ణన్ బృందం 1995 నుంచి ఈ ఆపరేషన్లు మొదలుపెట్టింది. నాకు గుండె ఆగినంత పనైన విషయం వాళ్లకు చేయి తిరిగిన పని.

మెదడులో విద్యుత్ తరంగాలను వీడియోతో పాటు రికార్డు చేసే పరీక్ష, వీడియో ఈఈజీ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే తల్లులకు అదే కష్టం. తలంతా వైర్లు అంటించి, మంచానికి ఎదురుగా కెమెరా పెట్టి, మందులు తగ్గిస్తారు. ఫిట్స్ వస్తేనే అవి ఎక్కడ పుడుతున్నాయో తెలుస్తుంది. ఏ ఫిట్స్ రాకూడదని కనపడ్డ గుడికల్లా మొక్కానో, వాటి కోసమే, రాగానే నొక్కమని ఇచ్చిన బటన్ చేత్తో పట్టుకుని రాత్రంతా కూర్చున్నాను. వచ్చాయి. బటన్ నొక్కాను. నర్సు పరుగున వచ్చి పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి, పేరు అడిగింది, ఒక మాట చెప్పి గుర్తుపెట్టుకోమంది. ఆమెది మలయాళం. అయినా "భయం లేదు" అన్న రెండు తెలుగు మాటలు మాకోసం నేర్చుకుంది. ఊడిన వైరు ఊడినట్టే విసుక్కోకుండా మళ్లీ అంటించిన టెక్నీషియన్‌కు, పాప జ్ఞాపకశక్తిని ఓపిగ్గా పరీక్షించిన సైకాలజిస్టుకు కూడా నేను రుణపడి ఉన్నాను.

డాక్టర్లు మాకు ఆశ చూపించి ఒప్పించలేదు. దాచకుండా చెప్పి ఒప్పించారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే ఆపరేషన్ అయినవాళ్లలో 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులు మాత్రమే వాడినవాళ్లలో 7 శాతం మందికే లేవు. అయితే ఆపరేషన్ అయినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి తీవ్రమైన ఇబ్బందులూ వచ్చాయి, ఒకవైపు కాలూచేయీ బలహీనపడటం లాంటివి. మెదడులో ఎక్కడ చేస్తారన్నదాన్ని బట్టి ప్రమాదం మారుతుంది. అందరికీ ఆపరేషన్ కుదరదు కూడా.

మా పాపకు కుదిరింది. ఎమ్మారైలో కనిపించిన మచ్చ, ఈఈజీలో ఫిట్స్ పుట్టిన చోటు ఒకటే అయ్యాయి. కుడివైపు కణత లోపలుండే మెదడు భాగాన్ని తీసేశారు. మందులు వెంటనే ఆపలేదు, చాలా మెల్లగా తగ్గించారు. ఇప్పుడు తను బాత్‌రూమ్ గడియ వేసుకుని స్నానం చేస్తుంది. ఆ గడియ చప్పుడు వినడం నాకెంత సంతోషమో ఇక్కడున్న అమ్మలకు చెప్పక్కర్లేదు.

ఆడపిల్ల, రేపు పెళ్లెలా అని జబ్బు దాస్తున్నవాళ్లు మనలో ఉన్నారు. విడిగా నా దగ్గర ఏడ్చినవాళ్లూ ఉన్నారు. వివాహ చట్టాల్లో మూర్ఛను అడ్డుగా చూపే మాటను 1999లోనే తీసేశారు. చట్టం వదిలేసినదాన్ని మనం పట్టుకుని పిల్లలకు వైద్యం ఆలస్యం చేయొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

రెండు మందులు సరిగ్గా వాడినా ఫిట్స్ ఆగకపోతే, ఆపరేషన్ సంగతి మీ డాక్టరును మీరే అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తున్నారు. ఇవాళ వచ్చిన డాక్టర్లు భోజనాల తర్వాత పిల్లల్ని చూస్తామన్నారు. పాత రిపోర్టులు, ఫోన్‌లో తీసిన వీడియోలు ఉంటే చేత్తో పట్టుకుని రండి. నేను, మా అమ్మాయి ఆ చివరి బల్ల దగ్గరే ఉంటాం.