ఎనిమిదో శనివారం సంగతేంటి?

అందరికీ నమస్కారమండీ. వ్యాయామం గురించి మాట్లాడమని పిలిచారు గానీ, ఎవర్నీ జిమ్‌లో చేరమని చెప్పను, కంగారు పడకండి.

మన కోనసీమ వాళ్ళకి నడవడం చేతకాక కాదు. వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాలు వెళ్ళి, వెళ్ళినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చేసొచ్చినవాళ్ళు ఈ హాల్లోనే బోలెడంతమంది ఉంటారు. ఆ జనంలో, అరికాళ్ళు చుర్రుమంటున్నా ఎవరూ ఆగరు. అదే మనిషిని పాలప్యాకెట్ తెమ్మంటే వీధి చివరికి కూడా స్కూటీ తీస్తాడు. మరి శనివారం ఎలా కుదిరింది? రోజు ముందే ఖాయం, ఎన్ని చుట్లో లెక్క ఉంది, పక్కింటి వదినగారో బావమరిదో తోడున్నారు, పొద్దున్నే లేచి "వెళ్దామా మానేద్దామా" అని మనసుతో బేరాలాడే పని లేదు. నా గొడవల్లా ఎనిమిదో శనివారం గురించే. మొక్కు తీరింది, కాళ్ళు మళ్ళీ సోఫా ఎక్కేశాయి.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి, 2010లో ఆ వివరాలు అచ్చువేశారు. కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మన ఏడు వారాలంటే నెలన్నరేగా, అలవాటు కుదురుకునేలోపే ఆపేస్తున్నాం. ఇంకో మాట, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ రాలేదట. పెళ్ళికెళ్ళి ఒక పూట మానేసి, "ఇంక పోయిందిలే" అని మొత్తం వదిలేసేవాళ్ళు ఇది కాస్త వినాలి. ఆ 96 మందీ కొత్త పనిని రోజూ ఎలాగూ జరిగే పనికి ముడిపెట్టారు. మీరూ అంతే, పిల్లల్ని స్కూలు బస్సెక్కించి అటునుంచటే కాలవ గట్టు మీదికి వెళ్ళిపోండి, ఇంట్లోకొస్తే టీవీ పట్టేసుకుంటుంది.

ఎంతసేపంటారా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు. ఒకేసారి కనీసం పది నిమిషాలుండాలన్న పాత నియమం కూడా తీసేశారు, కాబట్టి బజారుకి గబగబా వెళ్ళొచ్చిన అయిదు నిమిషాలూ లెక్కే. పొలం పనీ లెక్కే. పొద్దుటినుంచీ నడుం వంచి ఊడ్పులు ఊడ్చే ఆమెకి వాకింగ్ చెయ్యమని నేను చెప్పను, ఆమెకి కావలసింది విశ్రాంతి.

మన డెల్టాతో ఒక చిక్కుంది. అంతా పళ్ళెంలా చదును, ఎక్కడానికి గుట్టన్నది లేదు. కబుర్లాడుతూ తాపీగా నడిస్తే గుండెకి అసలు తెలియదు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, ఆ వేగం కావాలి.

నడకొక్కటే చాలదు, వారానికి రెండ్రోజులు కండరాలకీ పని చెప్పాలి. కింద కూర్చుని అన్నం తినడం పోయింది, బావిలో నీళ్ళు తోడడం పోయింది, బాత్రూంలో కూడా కుర్చీయే వచ్చేసింది. అందుకే అరవై దాటాక లేవాలంటే గోడ వెతుక్కుంటున్నాం. గట్టి కుర్చీ ఒకటి గోడకి ఆనించి వేసుకోండి. అంచున కూర్చుని, పాదాలు నేలకి పూర్తిగా ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని లేవండి. కూర్చునేటప్పుడే అసలు పని, దబ్బున పడకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి. మొదట్లో అయిదారుసార్లు చాలు. మోకాళ్ళు మరీ నొప్పయితే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి.

షుగరుకి ఇన్సులిన్ గానీ, షుగరు బాగా పడిపోయే మాత్రలు గానీ వాడేవాళ్ళు జేబులో గ్లూకోజ్ బిళ్ళలో, కాస్త పంచదారో పెట్టుకుని బయల్దేరండి. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టుంటే గ్యాసులే అనుకోకుండా అక్కడే ఆగిపోయి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

వానాకాలం సంగతి ఇందాక ఎవరో అడిగారు. బురదకి గట్టు జారిపోతుంది, పాములూ తిరుగుతాయి, వెళ్ళకండి. ముసురు పట్టినన్నాళ్ళూ అదే టైముకి వరండాలో అటూ ఇటూ నడవండి, ఆ కుర్చీ కూడా అక్కడే వేసుకోండి. ఇంకేమైనా అడగాలంటే మైకు ఇస్తారు, అడగండి.