పుస్తకంలో తల, ఎదురుగా మనిషి

[తెర మీద: తెల్ల కాగితం. పెన్సిల్ ఒక బంతి గీస్తుంది. దాని మీద ఒక నిలువు గీత, ఒక అడ్డగీత.]

నమస్తే అండీ. ముఖాలు గీయడం నేర్పే పుస్తకం తెరిస్తే మొదటి పేజీల్లో సాధారణంగా ఇలాంటిదే కనిపిస్తుంది. కొత్తవాళ్ళు చాలామంది ఈ పేజీ గబగబా తిప్పేసి, వెనకాల ఉన్న అందమైన ముఖాల దగ్గరికి వెళ్ళిపోతారు. అందులో ఒకటి చూసి దించుతారు. బాగానే వస్తుంది. మర్నాడు ఇంట్లో అమ్మమ్మను కుర్చీలో కూర్చోబెట్టి గీస్తే మాత్రం పోలిక రాదు. దించడం వచ్చినవాళ్ళకి మనిషిని గీయడం ఎందుకు రావట్లేదో, అదే పుస్తకం పెట్టుకుని దాన్ని ఎలా రప్పించుకోవచ్చో ఈరోజు చూద్దాం.

[తెర మీద: బంతికి రెండు పక్కలా చదును చేస్తూ గీసిన దశలు.]

ముందు ఆ బంతి సంగతి. అమెరికన్ చిత్రకారుడు ఆండ్రూ లూమిస్ 1956లో వచ్చిన ‘డ్రాయింగ్ ద హెడ్ అండ్ హ్యాండ్స్’లో దీన్ని ఓపికగా వివరించాడు. మన తల పూర్తి గుండ్రం కాదు, చెవుల వైపు చదునుగా ఉంటుంది. అందుకని బంతికి అటూ ఇటూ ఒక్కో ముక్క కోసేయమంటాడు. కోసిన చోట ఒక గుండ్రటి చదును మిగులుతుంది కదా, దాని పై అంచు ఎత్తులో జుట్టు మొదలవుతుంది. మధ్యలో కనుబొమలు. కింది అంచు ఎత్తులో ముక్కు అడుగు. కనుబొమల నుంచి ముక్కు అడుగు దాకా ఉన్న కొలతే ఇంకోసారి కిందికి దించితే గడ్డం వస్తుంది. చెవి ఆ చదునులో వెనక సగంలో, కనుబొమకీ ముక్కు అడుగుకీ మధ్య కూర్చుంటుంది.

ముఖాన్ని ఇలా మూడు సమాన భాగాలు చేయడం మనకీ పాతదే. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో విగ్రహాల కొలతలు చెబుతూ నుదురు, ముక్కు, గడ్డం ఒక్కొక్కటీ 4 అంగుళాలు ఉండాలన్నాడు. ఇక్కడ అంగుళం అంటే ఇంచి కాదు, విగ్రహం ఎత్తును బట్టి మారే కొలత.

ఇంకో కొలత కూడా గుర్తుపెట్టుకోండి. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు ఇంచుమించు సగంలో ఉంటాయి. నమ్మకం కుదరకపోతే అద్దం ముందు స్కేలు పెట్టి చూసుకోండి. మన చూపంతా కళ్ళూ ముక్కూ నోటి మీదే ఉంటుంది కాబట్టి, నుదుటికీ మాడుకీ ఇవ్వాల్సిన చోటు మనకు తెలియకుండానే తగ్గించేస్తాం. కళ్ళు పైకి ఎక్కిపోతాయి, తల పైన ఎవరో కోసేసినట్టు అవుతుంది.

[తెర మీద: మైలాపూర్ మాడ వీధి, సాయంత్రం. పూలకొట్టు దగ్గర జనం. ముఖాలు దగ్గరగా చూపించవద్దు.]

ఇప్పుడు పుస్తకం మూసి చెన్నై మైలాపూర్‌లో కపాలీశ్వరుడి గుడి వీధిలోకి రండి. నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే.

పుస్తకంలో అడ్డగీతా నిలువు గీతా కలిసే చోటు ఏది? రెండు కనుబొమల నడుమ. మన ఆడవాళ్ళు బొట్టు పెట్టుకునేది అక్కడే. నడిమి పాపిట తీసుకుంటే నిలువు గీత మాడు మీద నుంచే మొదలైపోతుంది. పాపిట, బొట్టు, ముక్కు కొన, పై పెదవి మీది నొక్కు, గడ్డం మధ్య. ఈ ఐదు గుర్తులూ కలిపితే లూమిస్ గీసిన గీతే. మనిషి తల పక్కకి తిప్పగానే ఈ గీత అటు జరుగుతుంది, వంపు తిరుగుతుంది. కొత్తగా గీసేవాళ్ళు ముక్కును తిప్పుతారు కానీ నోటిని మాత్రం ఎదురుగానే ఉంచేస్తారు. ఐదు గుర్తులూ ఒకే వంపు వెంట నడుస్తున్నాయా అని చూసుకుంటే ఆ తేడా వెంటనే దొరుకుతుంది. స్టిక్కర్ బొట్టు కాస్త పైకో కిందికో ఉండొచ్చు, అది కనిపెట్టుకోండి.

నుదుటి మీద మూడు విభూతి రేఖలు పెట్టుకున్న పెద్దాయనను చూడండి. ఆయన తల వంచితే రేఖల మధ్యభాగం కిందికి దిగి, చివరలు పైకి లేస్తాయి. తల ఎత్తితే తిరగబడతాయి. వంచినప్పుడు చెవులు కళ్ళ కన్నా పైకి జరిగినట్టు, ఎత్తినప్పుడు కిందికి జారినట్టు కనిపిస్తాయి. పుస్తకంలో ఇదంతా బాణం గుర్తులతో పేజీలకు పేజీలు ఉంటుంది. ట్రిప్లికేన్‌లో పార్థసారథి గుడి వైపు వెళితే నామాలు పెట్టుకున్నవాళ్ళ నుదుటి మీద నిలువు గీత సిద్ధంగా ఉంటుంది.

[తెర మీద: పుస్తకం కొలతలతో గీసిన తల. పక్కనే అవే అడ్డగీతల మీద ఒక పెద్దావిడ ముఖం.]

ఇక పోలిక. పుస్తకంలోని తల ఎవరిదీ కాదు. ఎదుటి మనిషి ఆ కొలతకు ఎక్కడ తప్పుతున్నారో చూడటానికే ఆ కొలత. అమ్మమ్మకి పళ్ళు ఊడితే ముక్కుకీ గడ్డానికీ మధ్య దూరం తగ్గిపోతుంది. మావయ్యకి జుట్టు వెనక్కి జరిగితే పై భాగం పెరుగుతుంది. చిన్నపిల్లలకి కళ్ళు సగం కన్నా కిందే ఉంటాయి. పెన్సిల్ పట్టేముందు ఈ తేడాలు కాగితం మూల మాటల్లో రాసుకోండి: ‘నుదురు పొట్టి, పై పెదవి పొడుగు, చెవులు పెద్దవి’. తర్వాత చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలితో కొలవండి. కొలిచేటప్పుడు మోచెయ్యి వంగకూడదు, వంగితే కొలత మారిపోతుంది.

పాత అమెరికన్ పుస్తకాలు మనకు సరిపడని చోటు ఒకటుంది, అది ఒంటి రంగు. వాటిలో మోడళ్ళు ఎక్కువగా తెల్లవాళ్ళు. కాగితం తెలుపునే చర్మంగా వదిలేసి, నీడలు మాత్రం వేస్తారు. చామనఛాయ ముఖాన్ని అలా గీస్తే మనిషే మారిపోతారు. ముఖమంతా ముందు 2బి పెన్సిల్ (బి ముందు అంకె పెరిగేకొద్దీ గీత నల్లగా వస్తుంది) పక్కవాటంగా పెట్టి పలచగా ఒక పూత వేయండి. కళ్ళు సగం మూసి చూస్తే వెలుగు ఎక్కడ ఆగిందో, నీడ ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. నీడ భాగాన్ని 4బితో నింపండి. జుట్టుకి 6బి. నుదుటి మీద, బుగ్గ ఎముక మీద, ముక్కు కొన మీద మెరుపుని పిసికే రబ్బరుతో అద్ది తీయండి. షాపులో నీడబుల్ ఎరేజర్ అంటే ఇస్తారు. మన ఎండకీ చెమటకీ ఆ మెరుపులు చక్కగా కనిపిస్తాయి, ముదురు రంగు ముఖానికి ఆకారం ఇచ్చేవి ముఖ్యంగా అవే. నోటుపుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపరు గరుకు వైపు మీద తెల్ల పెన్సిల్‌తో కూడా ప్రయత్నించండి.

దించడం తక్కువ పనేమీ కాదు. ఫ్రాన్స్‌లో షార్ల్ బార్గ్ అనే చిత్రకారుడు, ఇంకో చిత్రకారుడు జెరోమ్‌తో కలిసి 1866 నుంచి 1871 దాకా దించుకోవడానికే ప్లేట్లు, అంటే అచ్చువేసిన నమూనా బొమ్మలు, తయారుచేశాడు. వాన్ గో 1880లో, 27 ఏళ్ళ వయసులో చిత్రకళ మొదలుపెట్టాక ఆ ప్లేట్లు ముందు పెట్టుకుని నేర్చుకున్నాడు. చనిపోయిన ఏడాది, 1890లో, మళ్ళీ వాటినే దించాడు. మీరూ దించండి, కాకపోతే అసలు ఎంత ఉంటే అంతే సైజులో, పక్కపక్కనే పెట్టుకుని. అయిపోయాక రెండింటినీ తలకిందులు చేసి చూస్తే తప్పు తనంతట తానే కనిపిస్తుంది. పుస్తకాలు నాలుగైదు కొనకండి. బంతితో తల కట్టడం నేర్పేది ఒకటి, దించుకోవడానికి ఒకటి, చాలు.

[తెర మీద: ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియం, బయటి నుంచి.]

పుస్తకానికీ కదిలే మనిషికీ మధ్య ఒక మెట్టు ఉంది. కదలని ముఖం, మారని వెలుగు. చెన్నైలో ఉన్నవాళ్ళకి దానికి 1851లో మొదలైన ఎగ్మోర్ మ్యూజియం ఉంది. చోళుల కంచు విగ్రహాలు అక్కడే, 2022 దాకా గుంటూరు జిల్లాలో ఉన్న మన అమరావతి స్తూపం నుంచి తెచ్చిన శిల్పాలూ అక్కడే. అమరావతి పలకల మీద ముఖాలు చిన్నవి, చాలావాటికి ముక్కులు అరిగిపోయాయి. కాబట్టి మొదట కంచు విగ్రహాల దగ్గర నిలబడండి. ఒకే తలను ఎదురుగా, ముప్పావు వాటంలో (ఎదురుకీ పక్కకీ మధ్య కోణంలో), పక్క నుంచి గీయండి. శుక్రవారం సెలవు. లోపల గీసుకోవచ్చా అని టికెట్ దగ్గర అడిగి, పెన్సిళ్ళు మాత్రమే తీసుకెళ్ళండి.

ఆ తర్వాత బీచ్–తాంబరం లోకల్. కునుకు తీసేవాళ్ళు, ఫోనులో తల దూర్చినవాళ్ళు కొన్ని నిమిషాలైనా కదలకుండా ఉంటారు. బంతి, నిలువు గీత, అడ్డగీత, రెండు మూడు తేడాలు. అంతవరకు గీస్తే చాలు, కనురెప్పల జోలికి పోవద్దు. ఎవరైనా గమనించి ఇబ్బందిపడితే వెంటనే ఆపేయండి. పిల్లల్ని గీయాలనిపిస్తే పక్కనున్న పెద్దవాళ్ళను అడగండి. చూపించమంటే పుస్తకం తిప్పి చూపించండి, పోలిక రాకపోయినా సరే.