పచ్చికను చూసి ఖాళీ నేల అనుకున్నారు

అందరికీ నమస్కారం.

ఊటీ వెళ్లి పచ్చికలో చతికిలబడని వాళ్లు ఈ హాల్లో తక్కువే ఉంటారు. నీలగిరుల్లో ఒత్తుగా అల్లుకునే గడ్డి ఒకటుంది, కికుయు గడ్డి. అది కెన్యా కొండల్లోని కికుయు జనం పేరు. 2019 జనగణన ప్రకారం వాళ్లు 81 లక్షల పైమాటే, ఆ దేశంలో అన్నిటికంటే పెద్ద సమూహం.

ముందు గడ్డి సంగతి. తూర్పు ఆఫ్రికాలో సుమారు 1950 నుంచి 2700 మీటర్ల ఎత్తులో పుట్టిన మొక్క. కణుపు కణుపుకీ వేరు దించుతూ నేలమీదా, నేల లోపలా పాకుతుంది. పువ్వు మాత్రం ఆకు తొడుగులో దాక్కుంటుంది. కోసిన పచ్చికను పొద్దున్నే వంగి చూస్తే కేసరాలు మాత్రం సన్నని తెల్ల దారాల్లా పైకి లేచి ఉంటాయి. అందుకే వృక్షశాస్త్రజ్ఞులు 1903లో దానికి 'క్లాండెస్టినమ్', అంటే చాటుగా ఉండేది, అని పేరు పెట్టారు. కాలిఫోర్నియాకు 1918లో కాలవగట్లు కోసుకుపోకుండా తెచ్చారు. ఇప్పుడు అమెరికా దాన్ని హానికర కలుపు జాబితాలో పెట్టింది. అయినా లాస్ ఏంజెలెస్‌లో పేరుమోసిన రివియెరా గోల్ఫ్ మైదానం నిండా అదే! పాడి పశువులకు మంచి మేత. గుర్రాలకు అదొక్కటే వేస్తే మాత్రం అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసి ఎముకలు గుల్లబారతాయి.

నాకు ఆసక్తి కలిగించేది ఈ గడ్డి పుట్టింటి సంగతి. అడవి కొట్టిన చోట, సాగు చేసి కొన్నాళ్లు వదిలేసిన చోట, మేకలూ పశువులూ తిరిగి పేడ పడిన చోట ఇది విరగబడి పెరుగుతుంది. అంటే అక్కడి పచ్చికలో చాలా భాగం మనుషుల చేతి పనే.

అప్పట్లో కెన్యాను ఏలిన బ్రిటిష్ దొరలకు ఆ చేతి పని కనబడలేదు, ఖాళీ నేల అనుకున్నారు. 1890లలో పశువుల ముసర రోగం, మశూచి, మిడతలు, కరువు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. కికుయు నేలలో దక్షిణాన కియాంబు వైపు ప్రాణాలతో మిగిలిన వాళ్లు ఉత్తరాన ఉన్న బంధువుల దగ్గరికి తాత్కాలికంగా వలసపోయారు. సరిగ్గా ఆ తర్వాతే, 1902 నుంచి, ప్రభుత్వం ఆ నేలను తెల్ల రైతులకు ఇవ్వడం మొదలుపెట్టింది. మనకు బంజరు, పోరంబోకు అన్న లెక్కలు తెలుసు కదా, అదే తంతు. కికుయు పద్ధతిలో వంశం నేల ఎప్పటికీ వంశానిదే, ఊళ్లో లేనంత మాత్రాన హక్కు పోదు. పైగా ఆ అడవిని వేటగాళ్లైన అథి జనం దగ్గర మేకలిచ్చి కొన్నామని కూడా వాళ్లు చెప్పారు.

అందుకే ఈ జనం మీద పరిశోధన ఎప్పుడూ భూమి తగాదా నుంచి వేరుగా నడవలేదు. తర్వాత కెన్యా తొలి అధ్యక్షుడైన కికుయు నాయకుడు జోమో కెన్యాటా లండన్‌లో మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ దగ్గర చదివి 1938లో తన జనం గురించి పుస్తకం రాశాడు. అందులో ముందే వచ్చే పెద్ద విషయాల్లో భూహక్కు ఒకటి. ఆదిమానవుల మీద పరిశోధించిన లూయీ లీకీ బ్రిటిష్ మిషనరీ కొడుకు, నైరోబీ దగ్గరి కబెటెలో కికుయు పిల్లలతో పెరిగి వాళ్ల భాష ధారాళంగా మాట్లాడేవాడు. అతను సేకరించిన వివరాలు మూడు సంపుటాలయ్యాయి, అవి అచ్చయింది చనిపోయిన ఐదేళ్లకు, 1977లో. ఇద్దరూ 1952లో కెన్యాలోని కపెంగురియా కోర్టులో ఎదురుపడ్డారు: బ్రిటిష్ పాలన మీద లేచిన మౌ మౌ తిరుగుబాటును నడిపాడన్న కేసులో కెన్యాటా ముద్దాయి, లీకీ దుబాసీ. తర్జుమా పక్షపాతంగా ఉందని డిఫెన్స్ అభ్యంతరపెట్టడంతో లీకీ తప్పుకున్నాడు. ఒకే జనం గురించి రాసిన ఇద్దరు పండితులకు ఇంతకంటే ఇబ్బందికరమైన చోటు దొరకదు.

1963లో స్వాతంత్ర్యం వచ్చింది. తెల్ల రైతుల పొలాలు కొన్ని తిరిగొచ్చాయి, ఉచితంగా మాత్రం కాదు. ప్రభుత్వం అప్పు తెచ్చి కొని, కుటుంబాలకు పంచి, వాయిదాల మీద వసూలు చేసుకుంది. అలా ఎన్నో కికుయు కుటుంబాలు కినాంగోప్ పీఠభూమిలో స్థిరపడ్డాయి. తెల్లవాళ్లు రాకముందు అక్కడ మేసినవి పశువుల కాపరులైన మాసాయి జనం పశువులు. మాసాయిలకు ఏం దక్కిందన్నది ఇంకో ప్రసంగమంత కథ, దాన్ని మీరు ప్రశ్నల్లో అడిగితే మాట్లాడదాం.