పాత బేస్‌బాల్ కార్డులు: సెట్ మొత్తం పోగెయ్యాలా, నచ్చిన పదీ కొనుక్కోవాలా?

నమస్తే అండీ. ఇవాళ బల్ల మీద ఫోనూ లేదు, ఇయర్‌బడ్సూ లేవు. లావుపాటి బైండర్ ఒకటి, భూతద్దం, స్కేలు. అంతే.

పోయిన వారం డాలస్ నుంచి మా తోడల్లుడు ఫోన్ చేశాడు. వాళ్ళబ్బాయి లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో, ఆడుతున్నాడు, స్కూల్లో పిల్లలతో బేస్‌బాల్ కార్డులు మార్చుకుంటున్నాడు. "అన్నయ్యా, వాడూ నేనూ కలిసి పాతకాలం సెట్ ఒకటి పూర్తి చేద్దామనుకుంటున్నాం. 1952 టాప్స్ అయితే ఎలా ఉంటుంది?" అన్నాడు. ఈత నేర్చుకోవడానికి నేరుగా వరద గోదారిలో దిగుతానన్నట్టుంది ఆ మాట. గంటసేపు చెప్పాను. సగంలో ఉండగా వాళ్ళావిడ భోజనానికి పిలిచింది, పెట్టేశాడు. మిగతా సగం కెమెరా ముందు చెప్పేస్తే అతనికీ పనికొస్తుంది, ఇక్కడ ఈ పిచ్చి అంటుకున్న మరో నలుగురికీ పనికొస్తుందని ఈ వీడియో.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. టాప్స్ అనేది అప్పట్లో బబుల్‌గమ్ కంపెనీ. గమ్ బాగా అమ్ముడుపోవాలని ప్యాకెట్లో ఆటగాళ్ళ కార్డులు పెట్టేది. మన చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి, వాటి మీద రన్నులు లెక్కపెట్టుకుంటూ తిరిగేవాళ్ళం, గుర్తుందా? అదే పిచ్చి. కాకపోతే వీళ్ళది మనకంటే ముప్ఫై నలభై ఏళ్ళు ముందు. కార్డు వెనక నంబరు ఉంటుంది. ఆ ఏడాది నంబర్లన్నీ ఒక్కటీ వదలకుండా చేరిస్తే సెట్.

చెప్పడానికి సులువే. అసలు 'మొత్తం' అంటే ఎన్ని అన్న దగ్గరే తగువు మొదలవుతుంది. 1955 టాప్స్‌లో నంబర్లు 210 దాకా ఉంటాయి, కార్డులు మాత్రం 206. 175, 186, 203, 209 కంపెనీ అసలు వెయ్యనేలేదు. అంతకుముందు 1933లో బోస్టన్‌లోని గౌడీ అనే గమ్ కంపెనీ 240 కార్డుల సెట్ వేసింది. అందులో 106వ నంబరు లేదు. పిల్లలు పాపం ప్యాకెట్ మీద ప్యాకెట్ చింపి వెతుక్కున్నారు. ఉత్తరాలు రాసి నిలదీసినవాళ్ళకి మరుసటి ఏడాది నాప్ లాజోయ్ అనే పాతతరం ఆటగాడి బొమ్మతో ఆ కార్డు అచ్చేసి పోస్టులో పంపారు. గమ్ అమ్ముకునే తెలివి ఆ రోజుల్లోనే అంత ఉంది! ఇప్పుడు ఆ సెట్ పోగేసేవాళ్ళలో చాలామంది లాజోయ్ లేకుండానే 239కి పూర్తయిపోయింది అనేసుకుంటారు. నాకు అందులో తప్పేం కనబడదు.

సరే, తోడల్లుడు అడిగిన 1952కి వద్దాం. 407 కార్డులు. టాప్స్ అప్పట్లో అన్నీ ఒకేసారి వదిలేది కాదు. సీజన్ పొడుగునా విడతలవారీగా వేసేది. చివరి విడత వచ్చేసరికి వేసవి అయిపోయి, బడులు తెరిచి, పిల్లలు ఫుట్‌బాల్ మీద పడేవాళ్ళు. దుకాణాలవాళ్ళు ఆర్డర్ తగ్గించేసేవాళ్ళు. అందుకే చివరి నంబర్లు తక్కువ దొరుకుతాయి. కలెక్టర్లు వీటినే హై నంబర్లు అంటారు. 1952లో 311 నుంచి 407 దాకా హై నంబర్లే. అమ్ముడుపోక గోడౌన్‌లో పడున్న పెట్టెల్ని 1960లో పడవ మీద తీసుకెళ్ళి న్యూజెర్సీ తీరం దగ్గర అట్లాంటిక్‌లో పారబోయించానని, ఆ సెట్ రూపొందించిన సై బర్గరే తర్వాత చెప్పుకున్నాడు. మా ఇంటి నుంచి ఆ తీరం గంట ప్రయాణం. పిల్లలు ఇసుకలో ఆడుకుంటుంటే నేను నీళ్ళకేసి చూస్తూ కూర్చుంటాను. ఏం చూస్తున్నావని మా ఆవిడ అడగడం కూడా మానేసింది.

ఆ 311 ఎవరంటే మికీ మాంటిల్, న్యూయార్క్ యాంకీస్ జట్టు పెద్ద స్టార్. 2022 ఆగస్టులో అలాంటి మాంటిల్ కార్డు ఒకటి వేలంలో 1.26 కోట్ల డాలర్లకి పోయింది. అది కొత్తదానిలా మెరిసిపోతున్న కార్డు, నిజమే. కానీ మూలలు అరిగిపోయి, మధ్యలో మడత పడ్డ మాంటిల్ కూడా మనలాంటి జీతగాళ్ళ చేతికి అందదు. తమాషా ఏంటంటే, ఆ విడతలో చాలా కార్డుల కంటే మాంటిల్ కార్డు రెట్టింపు అచ్చయింది. అచ్చు షీటు మీద అతని బొమ్మ రెండుచోట్ల పడింది. దొరక్క కాదు ఆ ధర, అందరికీ అతనే కావాలి కాబట్టి. 1952 సెట్ వద్దు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. 1909 నుంచి 1911 దాకా సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టి-206 సెట్ సంగతి అడిగేవాళ్ళూ ఉంటారు. ఐదొందల చిల్లర కార్డులు, అందులో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడిది ప్రపంచం మొత్తం వెతికినా వందలోపే. దానికో దండం పెట్టి ముందుకెళ్దాం.

ఈ బైండర్ నాది. 1956 టాప్స్. 340 కార్డులు, నంబరు లేని చెక్‌లిస్టులు, అంటే కార్డుల జాబితాలు, రెండు. కార్డు ఇప్పటివాటి కంటే కొంచెం పెద్దది, అందుకని తొమ్మిది అరల షీట్లలో పట్టదు, ఎనిమిది అరలవి కొనాలి. 43 షీట్లు పట్టాయి. మొదటి కార్డే చూడండి. నంబర్ 1. ఆటగాడు కాదు, అమెరికన్ లీగ్ అధ్యక్షుడు, కోటూ టైతో. పైసా పైసా కూడబెట్టి ప్యాకెట్ కొన్న పిల్లాడికి లోపల ఈయన కనబడితే ఎంత ఒళ్ళు మండి ఉంటుందో!

ఇప్పుడు ఇది. కెమెరాకి దగ్గరగా పెడతాను, వెలుతురు పడుతోంది, కాస్త ఆగండి... ఆఁ. హాంక్ ఆరన్, 31వ నంబరు. ఎడమ పక్క పెద్దగా ముఖం, అది ఆరనే. కుడి పక్కన చిన్న బొమ్మలో ఒకతను దుమ్ము లేపుకుంటూ హోమ్ ప్లేట్ మీదకి జారుతున్నాడు చూశారా? అతను ఆరన్ కాదు. విల్లీ మేస్! మేస్ ఫొటో తీసుకుని, దాని మీద ఆరన్ జట్టు బ్రేవ్స్ యూనిఫామ్ రంగులు వేసేశారు. ఇద్దరూ తర్వాత ఆటకే పెద్ద పేర్లయ్యారు, ఇక్కడేమో ఒకరి ఒంటికి ఇంకొకరి చొక్కా. ఈ కార్డు నా దగ్గర రెండేళ్ళుంది, రోజూ చూసేవాణ్ణి, నాకెప్పుడూ అనుమానం రాలేదు. ఒక కార్డుల షోలో పక్క టేబుల్ దగ్గర పెద్దాయన ఎవరికో చెబుతుంటే విన్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూశాను, ఇక ఆ తర్వాత మేస్ తప్ప ఎవరూ కనబడరు.

ఇంకో కార్డు. దీన్ని ఎవరూ వేలంలో పెట్టరు. పేరు విల్మర్ మైజెల్, సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు పిచర్, మన బౌలర్ లాంటివాడు. అలబామాలో వినెగర్ బెండ్ అనే చిన్న ఊరి పేరే ఇతనికి ముద్దుపేరైంది. ఆట మానేశాక నార్త్ కెరొలైనా నుంచి అమెరికన్ కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. మన అజారుద్దీన్ మొరాదాబాద్ నుంచి ఎంపీ అయ్యాడే, అలాగ. అదీ నలభై ఏళ్ళ ముందు. నేనసలు ఇతని పేరే వినలేదు. అర ఖాళీగా ఉంది కాబట్టి కొన్నాను, కొన్నాను కాబట్టి వెనక్కి తిప్పి చదివాను.

సెట్ పోగెయ్యడమంటే తొంభై పాళ్ళు ఇదే. స్టార్లు ఇరవై ముప్ఫై మంది. మిగతా మూడొందల మందినీ కామన్లు అంటారు. రెండేళ్ళాడి వెళ్ళిపోయినవాళ్ళు, ఒక్క సీజన్లో మెరిసినవాళ్ళు, బెంచీ మీదే ముసలైపోయినవాళ్ళు. కాస్త అరిగిన కామన్ కార్డు ఇక్కడ ఒక బిర్యానీ ఖరీదుకి వచ్చేస్తుంది. వీళ్ళ మీద మీకు ఇష్టం పుడితే సెట్ మొదలుపెట్టండి. ఎవరీ అనామకుడు, వీడికి డబ్బులు దండగ అనిపిస్తే మాత్రం వద్దు. జాకీ రాబిన్సన్, క్లెమెంటే, కోఫాక్స్... మీకు నచ్చిన పదిమందిని ఎంచుకుని కొనుక్కోండి. అది తక్కువేం కాదు. నిజానికి డబ్బు లెక్కన అదే తెలివైన పని. కామన్లు అమ్ముదామంటే కొనేవాడికి మనం టీ ఇప్పించాలి.

ఇక మొదలుపెట్టేశారనుకోండి. కొనే వరస ముఖ్యం. ఆ సెట్లో అన్నిటికంటే ఖరీదైన కార్డు ఏదో చూసి, దాన్నే ముందు కొనండి. ఆ ఒక్కటీ కొనలేనంటే ఆ సెట్ మనది కాదని మొదటి రోజే తెలిసిపోతుంది. మిగతా 339 కొన్నాక తెలిస్తే... ఆ బాధ నాకు తెలుసు. నేను కామన్లతో మొదలుపెట్టాను. వారానికి నాలుగు, ఐదు. మాంటిల్‌ది ఎక్కడికి పోతుందిలే, చివర్లో చూద్దామనుకున్నాను. 2020లో అందరూ ఇళ్ళల్లో కూర్చుని అటకలు దులిపారు, ఉన్నట్టుండి లోకమంతా కార్డుల మీద పడింది. 1956 మాంటిల్ నా కళ్ళ ముందే పైకి పాకింది. ఈ అర చూడండి, 135. ఖాళీ. ఇప్పటికీ ఖాళీయే.

కండిషన్ గురించి ఒక్క దెబ్బ కథ చెప్పి వదిలేస్తాను. ఒక షోలో క్లెమెంటే కొన్నాను. అంచులు కత్తిలా ఉన్నాయి, ధర బాగుంది, అమ్మినాయన మాట తీరు అంతకంటే బాగుంది. ఇంటికొచ్చి మిగతావాటితో కలిపి పేకముక్కల్లా పట్టుకుని బల్ల మీద తట్టాను. అన్నీ సమంగా నిలబడ్డాయి, క్లెమెంటే ఒక్కడే లోపలికి దిగిపోయాడు. స్కేలు పెడితే వెడల్పులో సన్నటి పీలిక తక్కువ! అరిగిన అంచు కనబడకుండా ఎవరో కత్తిరించేశారు. అప్పటి నుంచి స్కేలు జేబులోనే ఉంటుంది. 1956 కార్డు పొడవు 3.75 అంగుళాలు, వెడల్పు దాదాపు 2.63. గుర్తుపెట్టుకోండి.

మరి 1991లో పీఎస్ఏ అనే కంపెనీ వచ్చాక కార్డుకి 1 నుంచి 10 దాకా మార్కులేసి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇస్తున్నారు కదా అంటారా? మాంటిల్ లాంటివాటికి డబ్బాలోదే కొనండి, నకిలీల టెన్షన్ ఉండదు. కామన్లకి ఆ ఖర్చు దండగ. పైగా 342 డబ్బాలు పెట్టడానికి బీరువా కావాలి, వెనక్కి తిప్పి చదువుకునే సరదా పోతుంది.

తోడల్లుడికీ వాళ్ళబ్బాయికీ నేను చెప్పేది 1975 టాప్స్. 1974 నుంచి కంపెనీ విడతలు మానేసి 660 కార్డులూ ఒకేసారి వదిలింది, అంచేత హై నంబర్ల బెడద లేదు. జార్జ్ బ్రెట్, రాబిన్ యౌంట్‌ల తొలి కార్డులు ఇందులోనే. మొదటి కార్డూ, ఆఖరి కార్డూ రెండూ హాంక్ ఆరన్‌వే, పిల్లాడికి నచ్చుతుంది. రెండు రంగుల అంచులు మాత్రం తొందరగా గీరుకుపోతాయి, ఆ మచ్చలు చూసి బెంగపడొద్దని ముందే చెప్పాలి వాడికి. తొమ్మిదేళ్ళవాడు ఒక్కో వారం ఒక్కో షీటు నింపుకుంటూ పోతే వాళ్ళ నాన్నతో గొడవపడటానికి కావలసినంత సమయం దొరుకుతుంది.

ఇంకొక్కటి చూపించి ఆపుతాను. 1956 చెక్‌లిస్టు అన్నాను కదా, ఇది అందులో రెండో, నాలుగో విడతలది. ఏ కార్డు దొరికితే ఆ నంబరు పక్కన గడిలో టిక్కు పెట్టుకోవాలి. పెన్సిల్ తగలని చెక్‌లిస్టుకి ధర చాలా ఎక్కువ, అందుకని నేను టిక్కులున్నదే కొన్నాను. ఎవడో పిల్లాడు బాగా అదిమి పెట్టాడు, వేలితో తడిమితే వెనక తగులుతోంది. 130, విల్లీ మేస్. టిక్కు. 131, టిక్కు. భూతద్దం ఇలా పెడతాను, 135 దగ్గర చూడండి. ముందు టిక్కు పెట్టి, రబ్బరుతో చెరిపేశాడు.