సైడ్ ప్రాజెక్ట్ చేస్తున్నారా? ముందు ఎవరికి చూపిస్తారు?

ఆఫీసు పని కాకుండా సొంతంగా ఏదైనా యాప్ చేసుకుంటున్నవాళ్లని "ఎంతవరకు వచ్చింది?" అని అడిగి చూడండి. "ఇంకొంచెం ఉంది, అయ్యాక చూపిస్తా" అంటారు. ఆ "అయ్యాక" చాలామందికి రానే రాదు.

(స్క్రీన్ మీద: ఊళ్ల పేర్లు, కొన్ని ఖాళీ గడులు ఉన్న గూగుల్ షీట్)

2014లో పీటర్ లెవెల్స్ అనే డచ్ డెవలపర్ దీనికి పూర్తిగా రివర్స్‌లో వెళ్లారు. ల్యాప్‌టాప్ పట్టుకుని దేశాలు తిరుగుతూ పనిచేసేవాళ్లకి ఏ ఊళ్లో ఖర్చెంత, నెట్ ఎలా ఉంటుంది అన్నది తెలియాలి. దానికి ఆయన మొదట సైట్ కట్టలేదు. ఒక గూగుల్ షీట్ తెరిచి, ఎవరైనా మార్చుకోవచ్చని వదిలేసి, ట్విట్టర్‌లో లింకు పెట్టారు. జనమే నింపేశారు. నోమాడ్ లిస్ట్ అనే సైట్ ఆ తర్వాత వచ్చింది.

మనవాళ్ల కథ ఇంతకన్నా బాగుంటుంది.

(స్క్రీన్ మీద: పెన్నుతో పేర్లు రాసిన బస్సు సీట్ల చార్ట్)

2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి బయల్దేరిన ఫణీంద్ర సామకి బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఏజెంట్లకే సరిగ్గా తెలియని రోజులవి. ఏజెంట్ ఫోన్ చేస్తే ట్రావెల్స్ వాళ్లు తమ దగ్గరున్న చార్ట్‌లో పేరు రాసుకునేవారు, అంతే. ఫణీంద్ర, బిట్స్ పిలానీ స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు ఉద్యోగాలు చేసుకుంటూనే దీనికి సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టారు. ట్రావెల్స్ వాళ్లకి ఉచితంగా ఇచ్చేద్దామన్నది మొదటి ఆలోచన. ఊరికే ఇస్తామన్నా వాళ్లు తీసుకోలేదు!

నిజానికి వాళ్లని తప్పుపట్టలేం. పెన్నూ కాగితంతో పని నడిచిపోతోంది. ఇప్పుడు కంప్యూటర్ కొని, దాని ముందు ఒక మనిషిని కూర్చోబెట్టి, ఆ తలనొప్పంతా ఎవరి కోసం? సీటు దొరక్క తిప్పలు పడేది ప్రయాణికుడు, ట్రావెల్స్ ఓనర్ కాదు.

దాంతో రూటు మార్చారు. సాఫ్ట్‌వేర్ వద్దంటే వద్దు, కొన్ని సీట్లు ఇవ్వండి, మేం అమ్మిపెడతాం అన్నారు. 2006 ఆగస్టులో రెడ్‌బస్ మొదలైంది. ఐటీ కంపెనీల గేట్ల దగ్గర నిలబడి కార్డులు పంచారు. తర్వాత అవే ట్రావెల్స్ సాఫ్ట్‌వేర్ కూడా తీసుకున్నాయి. 2013లో కంపెనీని ఐబిబో గ్రూప్ కొనుక్కుంది.

ఆ గేటు దగ్గరే ఆగి చూడండి. మనం సాధారణంగా మన ప్రాజెక్ట్‌ని తోటి డెవలపర్లకే చూపిస్తాం. వాళ్లు "ఈ డేటాబేస్ ఎందుకు వాడావు? డార్క్ మోడ్ లేదా?" అని అడుగుతారు. టికెట్ కొనేవాడు అడిగేది వేరు: "బస్సు క్యాన్సిల్ అయితే డబ్బులు వెనక్కిస్తారా?"

(స్క్రీన్ మీద: రెండు పోస్టులు పక్కపక్కన)

ఉదాహరణకి, "ఏఐతో పనిచేసే సరికొత్త కమ్యూనిటీ ప్లాట్‌ఫామ్, త్వరలో" అని పెడితే పది లైకులొస్తాయి, అంతటితో సరి. అదే ఇలా రాయండి: "అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ ఎవరు కట్టారో, ఎవరు బాకీ ఉన్నారో సెక్రటరీకి చూపించే యాప్. మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో వాడుతున్నాం. రసీదు వాట్సాప్‌లో వెళ్తే చాలా, ప్రింట్ కూడా కావాలా?" దీనికి ఏ సెక్రటరీ అయినా జవాబిస్తాడు. చాలాసార్లు అడగనివి కూడా చెప్తాడు, అవే మీకు అసలు కావాల్సినవి.

పోస్ట్ చేసేముందు ఒక్కసారి ఆఫర్ లెటర్ తీసి చదవండి. పోటీ సంస్థలకి పనిచేస్తూ దొరికిన 300 మందిని తీసేశామని 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ బహిరంగంగానే చెప్పారు. సొంత యాప్ చేసుకోవడం, పోటీ కంపెనీకి పనిచేయడం ఒకటి కాదు. అయినా ఆఫీసు ల్యాప్‌టాప్ మీద రాసిన కోడ్ కంపెనీదేనని చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. కాబట్టి సొంత పనికి సొంత ల్యాప్‌టాప్.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి టెన్షన్ ఇంకా ఎక్కువ. ఆ వీసా మీకు స్పాన్సర్ చేసిన కంపెనీ పని కోసమే ఇచ్చింది. యాప్‌లో పేమెంట్ బటన్ పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, పెట్టాక కాదు.